చటాన్‌పల్లిలో తీరిన కసి ఎవరిది?

2020 జనవరి 30న ఆదిలాబాద్‌లోని ప్రత్యేక కోర్టు ముగ్గురికి మరణశిక్ష వేసింది. కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో, ఊరూరా తిరిగి చిన్నాచితకా సామాన్లు అమ్ముకుని పొట్టపోసుకునే ఓ దళిత మహిళపై అత్యాచారం చేసి చంపిన కేసు అది. పోలీసులు ఆమెకు 'సమత' అని మారుపేరు పెట్టారు. ఘోరం జరిగింది 2019 నవంబరు 24న. అంటే నేరానికీ తీర్పుకూ మధ్య డెబ్భై రోజులు కూడా లేవు. పోలీసులు ఛార్జిషీటు వేశారు, సాక్షులు బోనెక్కారు, నిందితుల తరఫున వాదించడానికి కోర్టే న్యాయవాదిని ఏర్పాటు చేసింది, జడ్జి తీర్పు రాశారు. ఇవాళ ఈ తీర్పు ఎంతమందికి గుర్తుంది?

ఆ ఘోరం జరిగిన మూడో రోజున శంషాబాద్ దగ్గర తొండుపల్లి టోల్‌గేటు వద్ద జరిగింది మాత్రం దేశమంతటికీ గుర్తుంది. యువ పశువైద్యురాలిని నలుగురు అపహరించి, అత్యాచారం చేసి, చంపి, షాద్‌నగర్ సమీపంలోని చటాన్‌పల్లి వంతెన కింద తగలబెట్టారు. ఆమెను 'దిశ' అన్నాం. డిసెంబరు 6 తెల్లవారకముందే అదే చోట నలుగురు నిందితులూ పోలీసు తూటాలకు చనిపోయారు. పొద్దెక్కేసరికి వంతెన మీద జనం గుమిగూడి పోలీసుల మీద పూలు చల్లారు, మిఠాయిలు పంచారు, రాఖీలు కట్టారు. అంతకు నాలుగు రోజుల ముందే రాజ్యసభలో ఒక సభ్యురాలు ఇలాంటివాళ్ళను జనం మధ్యకు తెచ్చి కొట్టి చంపాలని డిమాండు చేశారు. చట్టాలు చేసే సభలోనే ఆ మాట వినిపించాక వీధిలో పూలు చల్లినవాళ్ళను తప్పుపట్టి ఏం లాభం?

అప్పుడు అందరూ చెప్పుకున్న సమర్థన ఒకటే: కోర్టులకు వెళితే ఏళ్ళూ పూళ్ళూ పడుతుంది, నిర్భయ కేసు చూడండి అని. 2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ఆ నేరానికి ఉరి అమలైంది 2020 మార్చి 20న. కాబట్టి ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ ఆదిలాబాద్ తీర్పు సంగతేమిటి? అదే రాష్ట్రం, అదే పోలీసు శాఖ, అవే రోజులు. దిశ మీద రేగిన ఆగ్రహం లేకపోతే సమత కోసం ప్రత్యేక కోర్టు అంత వేగంగా వచ్చేది కాదని అనవచ్చు. సరే, మరి హన్మకొండ? 2019 జూన్‌లో అక్కడ తొమ్మిది నెలల పసికందును చిదిమేసిన కేసులో వరంగల్ కోర్టు రెండు నెలలు తిరక్కుండానే ఆగస్టులో మరణశిక్ష విధించింది. హైకోర్టు ఆ తర్వాత దాన్ని యావజ్జీవంగా మార్చింది. మరణశిక్ష మంచిదా చెడ్డదా అన్నది వేరే చర్చ, నాకు దానిమీద నమ్మకం లేదు. ఇక్కడ చెప్పేది ఇంతే: దర్యాప్తు శ్రద్ధగా జరిగి, కేసు వినడానికి ఒక జడ్జి దొరికితే మన కోర్టులు రెండు నెలల్లో తీర్పు ఇవ్వగలవని చటాన్‌పల్లికి ముందే రుజువైంది. కనుక ఆ ఉదయం జనం కోరుకున్నది వేగం ఒక్కటే కాదు. ఇంకేదో ఉంది.

ఆ ఇంకేదో కసి. దాన్ని ఆటవికమని కొట్టిపారేయడం సంపాదకీయాలు రాసేవాళ్ళకు తేలిక. కన్నకూతురిని అలా పోగొట్టుకున్న తండ్రికి కసి పుట్టకపోతేనే ఆశ్చర్యపడాలి. తనవాళ్ళకు జరిగిన అన్యాయం తనకు పట్టిందని చెప్పుకోవడానికి మనిషికి మొదట దొరికే దారి అదే. రాజ్యం అనేది వచ్చి ఆ మనిషి చేతిలోని కత్తిని తీసుకుంది. ఊరికే తీసుకోలేదు, 'నీ తరఫున నేను చూసుకుంటాను' అని మాటిచ్చి తీసుకుంది. ఆ మాట ఎంత పూర్తిగా అమలైందంటే క్రిమినల్ కేసులో ఫిర్యాది ప్రభుత్వమే అయిపోయింది, బాధితులు సాక్షులుగా మిగిలారు. సమన్లు వస్తే రావాలి, అడిగినదానికి జవాబు చెప్పాలి, పొమ్మంటే పోవాలి. నిందితుడు నిర్దోషిగా బయటపడితే బాధితులు సొంతంగా అప్పీలు చేసుకునే హక్కు కూడా 2009 చివర్లో అమల్లోకి వచ్చిన సవరణతో గానీ దక్కలేదు. అత్యాచారం కేసుల్లో శిక్ష పడేవి దేశంలో మూడోవంతు కూడా లేవు. ఇచ్చిన మాట నిలబెట్టుకోనివాడు ఆ తర్వాత శాంతం గురించి నీతులు చెబితే ఎవరు వింటారు?

ఈ బాకీ ఎంత పాతదో తెలియాలంటే కారంచేడు, చుండూరు వెళ్ళాలి. 1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. ప్రధాన నిందితుడిగా పేరుపడ్డ భూస్వామిని 1989లో నక్సలైట్లు చంపేశారు. సుప్రీంకోర్టు చివరి మాట చెప్పింది 2008 డిసెంబరులో: ఒకరికి యావజ్జీవం, మరో 29 మందికి మూడేళ్ళు. నక్సలైట్లకు నాలుగేళ్ళు పట్టింది, చట్టానికి ఇరవైమూడేళ్ళు పట్టింది. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి, చీరాలకు తరలిపోయి శిబిరాల్లో బతికిన కారంచేడు మాదిగలకు చట్టం గొప్పతనం గురించి ఉపన్యాసం ఇవ్వడానికి ఎవరికైనా నోరు రావాలి కదా.

అయినా చుండూరు దళితులు చేసింది చూడండి. 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని నరికి, కొందరి శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలువలో పడేశారు. గొడవ ఎక్కడ మొదలైంది? సినిమాహాల్లో కాలు తగిలిందన్న దగ్గర. చనిపోయినవాళ్ళను ఊరి నడుమ ఖననం చేసి ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు వింటే పగతో రగిలే ఊరే కళ్ళముందు మెదులుతుంది. కానీ వాళ్ళు పట్టుబట్టి అడిగింది కత్తులు కాదు, కోర్టు. ఎక్కడో జిల్లా కేంద్రంలో కాదు, తమ ఊళ్ళోనే, తాము నడిచి వెళ్ళి కూర్చోగలిగేచోట. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఘటన జరిగిన ఊళ్ళోనే కోర్టు పెట్టించుకున్నారు. సాక్షులు బెదిరింపులకు లొంగకుండా నిలబడ్డారు. 2007 జులై 31న అక్కడే తీర్పు వచ్చింది: 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. ఆ తర్వాత 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. అదే ఏడాది జులైలో సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది.

పదహారేళ్ళు కాచుకుని తెచ్చుకున్న తీర్పు ఒక్క రోజులో ఎగిరిపోతే ఎలా ఉంటుందో బయటివాళ్ళం ఊహించలేం. ఆ రోజున కూడా చుండూరు కత్తి పట్టలేదు, మళ్ళీ వకాల్తా మీదే సంతకం పెట్టింది. కసి తీరా శిక్షించే హక్కు ఈ రాష్ట్రాల్లో ఎవరికైనా ఉందంటే వాళ్ళకుంది. వాళ్ళు వాడుకోని హక్కును, చటాన్‌పల్లిలో ఎవరో వాళ్ళకంటే ముందు వాడుకున్నారు.

ఎవరు వాడుకున్నారన్నదే అసలు ప్రశ్న. ఆ తెల్లవారుజామున తుపాకీ పేల్చింది దిశ తండ్రి కాదు, చెల్లెలు కాదు. నవంబరు 27 రాత్రి దిశ ఫోన్లో చెల్లెలితో మాట్లాడుతూ భయంగా ఉందని చెప్పింది. ఆ తర్వాత ఫోను పలకలేదు. కుటుంబం పోలీసు స్టేషనుకు పరుగెత్తింది. అక్కడ ఎదురైన మొదటి ప్రశ్న ఆమె ఎక్కడ తప్పిపోయింది, అది మా పరిధిలోకి వస్తుందా అని. ఈ స్టేషను కాదంటే ఆ స్టేషను. అర్ధరాత్రి వేళ, ఒక్కో నిమిషం ప్రాణంతో సమానమైన వేళ, పరిధి లెక్కలు. ఇది ప్రభుత్వమే ఒప్పుకుంది, ఒక ఎస్సైని, ఇద్దరు హెడ్ కానిస్టేబుళ్ళను సస్పెండ్ చేసింది. డిసెంబరు మొదటి వారంలో పత్రికల నిండా ఇదే చర్చ. టోల్‌గేటు పక్కన లారీలు గంటల తరబడి నిలిపి తాగుతుంటే గస్తీ ఏమైంది? స్టేషన్ల మధ్య ఆ కుటుంబాన్ని ఎందుకు తిప్పారు?

డిసెంబరు 6 తర్వాత ఈ ప్రశ్నలు ఎవరైనా అడిగారా? బోనులో నిలబడాల్సిన వ్యవస్థ పూలదండలు వేయించుకుంది. ప్రతీకారంలో ఉన్న అసలు మోసం ఇదేనని నా అభిప్రాయం. కసి మనది, లాభం వేరేవాళ్ళది. బాధితులకు బాకీపడ్డవాడే చేతిలో తుపాకీ ఉంది కదా అని లెక్కల పుస్తకాన్ని తగలబెట్టి, బాకీ తీరిపోయిందన్నాడు. మనం చప్పట్లు కొట్టాం.

మర్నాడే, డిసెంబరు 7న, జోధ్‌పూర్‌లో అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎస్.ఎ. బోబ్డే మాట్లాడుతూ న్యాయం ప్రతీకారంగా మారితే తన స్వభావాన్నే కోల్పోతుందన్న భావం వ్యక్తం చేశారు. న్యాయం తక్షణం దొరికేది కాదని కూడా అన్నారు. వ్యవస్థలో జాప్యం ఉందని ఆయనే ఒప్పుకున్నారు. ఆ తర్వాత సుప్రీంకోర్టు ఈ ఎన్‌కౌంటర్ మీద తన విశ్రాంత న్యాయమూర్తి వి.ఎస్. సిర్పుర్కర్ అధ్యక్షతన, బొంబాయి హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి రేఖా సోందూర్ బల్డోటా, సీబీఐ మాజీ డైరెక్టర్ డి.ఆర్. కార్తికేయన్ సభ్యులుగా కమిషన్ వేసింది. ఆరు నెలల గడువు కోవిడ్ పుణ్యమా అని సాగి సాగి 2022 జనవరికి గానీ నివేదిక పూర్తికాలేదు. మే 20న అది బయటికి వచ్చింది.

పోలీసులు చెప్పిన కథ ఇది: బాధితురాలి వస్తువులు చూపిస్తారని నిందితులను తెల్లవారకముందే చటాన్‌పల్లి తీసుకెళ్ళాం, వాళ్ళు కళ్ళల్లో మట్టి కొట్టి పిస్తోళ్ళు లాక్కుని కాల్చారు, ఆత్మరక్షణ కోసం మేమూ కాల్చాం. కమిషన్ ఈ కథలో ఒక్కో ముడీ విప్పి చూసి, నమ్మశక్యం కాదని తేల్చింది. చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారంది. పదిమంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరపాలని సిఫారసు చేసింది. మూకదాడి ఎలా ఒప్పుకోరానిదో తక్షణ న్యాయమనే ఆలోచన కూడా అలాగే ఒప్పుకోరానిదని చెప్పింది. వీటన్నిటికంటే నన్ను ఆపేసిన అంశం వేరే ఉంది. చనిపోయిన నలుగురిలో ముగ్గురు ఆనాటికి మైనర్లని కమిషన్ నిర్ధారించింది. నారాయణపేట జిల్లా పల్లెల నుంచి లారీల మీద పనికొచ్చిన కుర్రాళ్ళు. బడి రికార్డు తిరగేస్తే తేలే వయసు. తిరగేయడానికి ఎవరికీ తీరిక లేకపోయింది.

వాళ్ళు మైనర్లయితే నేరం తగ్గిపోతుందా అని అడిగేవాళ్ళుంటారు. తగ్గదు. కానీ నివేదిక బయటికి వచ్చిన ఎనిమిదో రోజున, 2022 మే 28న, హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి. పబ్బు నుంచి బయటికి వచ్చిన మైనర్ బాలికను కారులో ఎక్కించుకుని సామూహిక అత్యాచారం చేసిన కేసు. నిందితుల్లో ఎక్కువమంది మైనర్లే, పలుకుబడి ఉన్న కుటుంబాల పిల్లలు. వాళ్ళ వయసు లెక్క రోజులతో సహా తేలింది. పేర్లు గోప్యంగా ఉంచారు. జువైనల్ జస్టిస్ బోర్డు ముందుకు తెచ్చారు. బెయిలు దొరికింది. ఇదంతా చట్టం చెప్పినట్టే జరిగింది, అలాగే జరగాలి కూడా. ఒక్కరైనా ఆ పిల్లల్ని తెల్లవారుజామున ఏ వంతెన కిందికో తీసుకెళ్ళమని గట్టిగా అడిగారా? అడిగినా ఎవరైనా తీసుకెళ్ళేవారా? న్యాయం గుడ్డిదని చమత్కరిస్తాం గానీ ప్రతీకారానికి మాత్రం చూపు చాలా పదును. ఎవరి వెనుక ఎవరున్నారో దానికి స్పష్టంగా కనబడుతుంది.

ఇది ఒక్కరోజులో వచ్చిన అలవాటు కాదు. శ్రీకాకుళ ఉద్యమ కాలం నుంచి 'ఎదురుకాల్పులు' అనే మాట తెలుగు పత్రికలకు పరిచయమే. వార్త రాసే తీరు కూడా మారలేదు: పోలీసులు లొంగిపొమ్మన్నారు, వాళ్ళు కాల్చారు, వీళ్ళూ కాల్చారు, మిగిలినవాళ్ళు చీకట్లో పారిపోయారు. నక్సలైట్ల కోసం అలవాటైన పద్ధతిని తర్వాత రౌడీలకు వాడారు. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోసిన కేసులో ముగ్గురు నిందితులు రోజుల వ్యవధిలోనే అలాగే చనిపోయారు. అప్పుడూ పూలదండలే. ఆ తర్వాత రెండు నెలలకు, 2009 ఫిబ్రవరిలో, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ప్రతి ఎన్‌కౌంటర్ మరణానికీ పోలీసుల మీద కేసు కట్టాల్సిందేనని, ఆత్మరక్షణ అన్నది విచారణలో రుజువు చేసుకోవాల్సిందేనని చెప్పింది. దాన్ని సుప్రీంకోర్టు నిలిపేసింది. 2014లో తానే మార్గదర్శకాలు ఇచ్చింది. కె.జి. కన్నబిరాన్, కె. బాలగోపాల్ వంటి పౌరహక్కుల న్యాయవాదులు దశాబ్దాల పాటు వాదించింది ఈ ఒక్క ముక్క కోసమే. బాలగోపాల్ నక్సలైట్ల హింసను కూడా అదే తూకంలో తూచారు, దానికి సొంత మనుషుల నుంచి మాటలు పడ్డారు. చంపడం తప్పని చెప్పేవాడు చనిపోయినవాడి జెండా రంగు అడక్కూడదు. అది ఆయన పాటించి చూపించారు.

షాద్‌నగర్‌లోనే 2016 ఆగస్టులో గ్యాంగ్‌స్టర్ నయీం కూడా ఎన్‌కౌంటర్లో చనిపోయాడు. మాజీ నక్సలైటు, పోలీసులకు ఉపయోగపడ్డవాడిగా పేరుపడ్డవాడు, భూదందాల్లో ఆరితేరినవాడు. అతన్ని అన్నాళ్ళు ఎవరు కాపాడారన్న ప్రశ్నకు బోనులో నిలబడి జవాబు చెప్పగలిగినవాడు అతనొక్కడే. అతను పోవడం వల్ల ఊపిరి పీల్చుకున్నది అతని చేతిలో నలిగిన బాధితులు మాత్రమేనా?

ప్రతీకారం కనీసం దోషినైనా సరిగ్గా పట్టుకుంటుందా అంటే అదీ లేదు. అనంతపురం జిల్లా ఫ్యాక్షన్ చరిత్రే సాక్ష్యం. 1993లో టీవీలో అమర్చిన బాంబు ఒక కుటుంబాన్ని తుడిచిపెట్టింది. దానికి బదులన్నట్టుగా 1997 నవంబరు 19న జూబ్లీహిల్స్‌లో కారుబాంబు పేలితే 26 మంది చనిపోయారు. లక్ష్యంగా పెట్టుకున్న పరిటాల రవి బతికాడు. సినిమా ముహూర్తానికి వెళ్ళినవాళ్ళు, వార్త కోసం వెళ్ళిన టీవీ సిబ్బంది పోయారు. ఏ పక్షానికీ చెందనివాళ్ళు. 2005లో రవి, 2011లో అతని ప్రత్యర్థి మద్దెలచెరువు సూరి హతమయ్యారు. ఇదే కాలంలో తొడ కొట్టి సుమోలు గాల్లోకి లేపే సినిమాలకు మనం వందరోజుల పండగలు చేశాం. ఆ సినిమాల్లో పోలీసు జీపు వచ్చేది విలన్ చచ్చాకే. తెర మీద ఆడినంతకాలం పరవాలేదు, చటాన్‌పల్లిలో పోలీసులే హీరో వేషం కట్టారు.

ప్రతీకారాన్ని కాదన్నవాళ్ళు దానికి మూల్యం కూడా చెల్లించాల్సి ఉంటుందన్నది దాచకూడదు. పోతన భాగవతంలో నిద్రపోతున్న తన అయిదుగురు కొడుకులను చంపిన అశ్వత్థామను అర్జునుడు కట్టి తెచ్చి ముందు పడేస్తే, వదిలేయమన్నది ద్రౌపదే. తనలాగే అతని తల్లి ఏడవకూడదంది. భీముడు ఒప్పుకోలేదు. చివరికి తల గొరిగి, శిరోమణి తీసుకుని వెళ్ళగొట్టారు. బడిలో ఈ ఘట్టం దాకా చదివి ఆపేస్తాం. పోతన అక్కడ ఆపలేదు. బయటపడ్డ అశ్వత్థామ ఉత్తర గర్భంలోని పిండం మీదికి అస్త్రం వేశాడు. క్షమ ఎదుటివాణ్ణి మంచివాడిగా మారుస్తుందని ఆ కథ హామీ ఇవ్వదు. అయితే ఒక్కటి గమనించండి: వదిలేయాలా వద్దా అని మొదట మాట్లాడింది కడుపుకోత పడ్డ మనిషి. చటాన్‌పల్లిలో ఆ మాట అడిగే అవకాశం ఎవరికీ ఇవ్వలేదు.

ఎన్‌కౌంటర్ జరిగిన వారంలోనే ఆంధ్రప్రదేశ్ శాసనసభ దిశ బిల్లు ఆమోదించింది. ఏడు పనిదినాల్లో దర్యాప్తు, పద్నాలుగు పనిదినాల్లో విచారణ, మొత్తం 21 పనిదినాల్లో తీర్పు. రాష్ట్రపతి ఆమోదం దక్కక అది చట్టం కాలేదు. అయినా బిల్లులో గడువు రాస్తే కోర్టుకు వేగం రాదు. ఫోరెన్సిక్ ల్యాబులో నిపుణులుండాలి, ప్రాసిక్యూటర్ పోస్టులు నిండాలి, సాక్షికి బస్సు ఛార్జీ దగ్గర్నుంచి రక్షణ దాకా చూడాలి. వీటికి పూలు చల్లేవాళ్ళు ఉండరు. ఆదిలాబాద్, వరంగల్ కోర్టులు చేసి చూపించినదాన్ని ప్రతి జిల్లాలో చేయడానికి బడ్జెట్టులో ఎంత కేటాయించారని ఏ ఎన్నికల సభలోనూ ఎవరూ అడగరు. ఎన్‌కౌంటర్‌కు ఖర్చు తక్కువ. ప్రభుత్వాలకు అది నచ్చడానికి ఇదొక కారణం.

సిర్పుర్కర్ నివేదికను సుప్రీంకోర్టు తెలంగాణ హైకోర్టుకు పంపింది. దానిమీద పోలీసు అధికారులు హైకోర్టును ఆశ్రయించారు. 2024లో వాళ్ళ మీద చర్యలు తీసుకోకుండా స్టే వచ్చింది. కమిషన్ తమకు పద్ధతి ప్రకారం నోటీసు ఇవ్వలేదని, తమ వాదన వినాల్సిన తీరులో వినకుండానే దోషులుగా తేల్చేసిందని వాళ్ళ అభ్యంతరం. ఆ అభ్యంతరాన్ని కోర్టు పూర్తిగా వినాలి. ఎంతటి ఆరోపణ ఉన్నా, చెప్పుకునేది విననిదే ఎవరినీ దోషి అనకూడదని పోలీసులే వకీళ్ళను పెట్టుకుని వాదిస్తున్నారు. వాళ్ళ వాదనలో తప్పేమీ లేదు.